చెక్క దూలాల అంతస్తుల్లో చెమ్మ: కడప జిల్లా మిద్దె ఇళ్లు

చెక్క దూలాల మీద నిలిచిన అంతస్తుల్లోకి, కప్పుల్లోకి తేమ చేరి కట్టె పుచ్చడం, చెద పట్టడం, చివరికి కట్టడమే బలహీనపడటం గృహనిర్మాణంలో చాలా పాత సమస్య. బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో ఇది ముఖ్యంగా ఇంటి అడుగు అంతస్తుకు సంబంధించినది. అక్కడ నేలకు కొంత ఎత్తులో దూలాలు వేసి, వాటిపై పలకలు పరిచి, కింద ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో చేరిన తేమే సమస్యకు మూలం. కడప జిల్లాలో వీరపునాయునిపల్లె, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో నేల మీద చెక్క పరిచే అలవాటు లేదు. కాళ్ల కింద ఉండేది నాపబండ, చెక్క ఉండేది నెత్తి మీద. దూలాలు, దంతెల మీద బండలో కట్టెలో పేర్చి, మట్టి పోసి తొక్కిన చదును కప్పును ఇక్కడ మిద్దె అంటారు.

మిద్దె ఇంటికి కప్పే కాదు, నడిచే నేల కూడా. మిరపకాయలు, ధాన్యం ఎండబోసేది, వేసవి రాత్రుల్లో మంచాలు వేసుకునేది దాని మీదే. పట్టణాల్లోని పాత మేడల్లో ఒక అంతస్తు మిద్దే పై అంతస్తుకు నేల అవుతుంది. కాబట్టి చెక్క అంతస్తుల తేమ సమస్య ఈ ప్రాంతంలో కనిపించేది మిద్దెలోనే. ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో కూడా దూలాలు పుచ్చుతాయి. కట్టె తడిసినందువల్ల చెడదు, తడిసింది ఆరే దారి లేకపోవడం వల్ల చెడుతుంది. మిద్దె కట్టిన తీరు, అది చెడే తీరు, బాగుచేసే తీరు అన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతాయి.

నేల, వాన, రాయి

ఈ ప్రాంతపు ఇళ్లను అర్థం చేసుకోవాలంటే ముందు కాలికింది నేలను చూడాలి. పెన్న, దాని ఉపనదులు చిత్రావతి, పాపాఘ్ని పారే ఈ భూభాగంలో నల్లరేగడి విస్తారంగా ఉంది, ఎర్రనేలలూ ఉన్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాని మీద నిలిచిన గోడ ఏటా కొద్దిగా కదులుతుంది. గోడకూ కప్పుకూ మధ్య పడే సన్నని చీలిక నీటికి మొదటి తలుపు. అక్కడక్కడ చవిటి నేలలున్నాయి. వాటిలోని ఉప్పులు తడితో పాటు గోడల్లోకి పాకుతాయి.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల్లో పలకలుగా లేచే సున్నపురాయి దొరుకుతుంది. నాపరాయి అనీ, కడప బండ అనీ దేశమంతా అమ్ముడుపోయేది ఇదే. ఇక్కడి శిలావరుసలను భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా వర్ణించాడు. భూగర్భశాస్త్రంలో ఈ వరుసలున్న ద్రోణికి కడప పేరే స్థిరపడింది. బండ దట్టమైన రాయి, నీటిని పెద్దగా పీల్చుకోదు. నేలకు, మెట్లకు, అరుగులకు, దొడ్డి చుట్టూ పాతే పలకలకు ఇది చౌకగా దొరకడం వల్ల నేల మీద చెక్క వేయాల్సిన అవసరమే రాలేదు. చెక్కను కొండల నుంచి తేవాలి, రాయి ఊరి పక్కనే ఉంది.

ఇక్కడ వాన రెండు విడతల్లో పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. నైరుతి కాలంలో ఎక్కువగా గంటా రెండు గంటల జడివాన పడి, మర్నాడు ఎండ కాస్తుంది. మిద్దె మీది మట్టి పైపొర తడిసి, లోపలిదాకా దిగేలోపే ఆరిపోతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు వచ్చే ముసురు అలాంటిది కాదు. మూడు నాలుగు రోజులు సన్నగా, ఆగకుండా కురుస్తుంది, ఎండ ఉండదు, పగలు కూడా చిన్నది. పడిన నీరు తక్కువే అయినా లోపలికి దిగడానికి దానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. అందుకే మిద్దెకు జడివాన కన్నా ముసురే ఎక్కువ ప్రమాదకరం. 2021 నవంబరులో కురిసిన భారీ వానలకు జిల్లాలో నదులు పొంగి, నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఈశాన్య కాలం ఈ జిల్లాలో ఎంత తీవ్రంగా ఉండగలదో ఆ ఏడాది చూపింది.

మిద్దె నిర్మాణం

పాత మిద్దె ఇంటి గోడలు రాయి, మట్టితో కట్టినవి, తరచు రెండడుగుల మందం ఉంటాయి. గది వెడల్పుగా ఉంటే మధ్యలో కంబాలు నిలిపి, వాటి మీద దూలం వేస్తారు. దూలానికి అడ్డంగా, గోడ నుంచి దూలం దాకా, మూరెడు మూరన్నర ఎడంతో దంతెలు పరుస్తారు. దంతెల మీద వేసే పొర ఊరిని బట్టి, ఇంటివారి స్తోమతను బట్టి మారుతుంది. బండ దగ్గర్లో దొరికే ఊళ్లలో నాపబండలు పేర్చి సందులు సున్నంతో పూడుస్తారు. మిగతా చోట్ల చిన్న కట్టెలు దగ్గర దగ్గరగా పేర్చి, పైన ఆకూ కంపా పరిచి, ఆ మీద మట్టి పోస్తారు.

కింది పొర మామూలు మట్టి. పై పొరకు మాత్రం చవుడు తెచ్చి పోయడం రాయలసీమ ఇళ్ల ప్రత్యేకత. పంట పండని చవిటి నేలలోని మన్నును వానాకాలానికి ముందు బండ్ల మీద తోలుకొచ్చి, మిద్దె మీద పరిచి, నీళ్లు చల్లి తొక్కుతారు. దీని వెనుక రసాయనం స్పష్టమే. చవుడులో సోడియం ఎక్కువ. సోడియం ఉన్న బంకమట్టి తడిసినప్పుడు దాని రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడిపోయి, మట్టిలోని సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి. దాంతో నీరు లోపలికి దిగక పైనే జారిపోతుంది. పొలంలో వేరుకు నీరందకుండా చేసే గుణమే మిద్దె మీద గొడుగుగా పనిచేస్తుంది.

మిద్దె పూర్తిగా చదునుగా ఉండదు. నీళ్లు ఒక వైపుకు జారేలా వాటం ఇచ్చి, పిట్టగోడలో రాతి దోనెలు పెడతారు. నూరు చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడిందంటే 70,000 లీటర్ల నీరు దోనెల గుండా బయటికి పోవాలన్న మాట. దోనె గోడకు దూరంగా చాచి ఉంటే నీరు వీధిలో పడుతుంది. పొట్టిదైతే గోడ మీదే కారుతుంది.

ఇంటి నడుమ మిద్దెకు గవాక్షి వదులుతారు. వెలుతురు లోపలికి వచ్చేది, పొయ్యి పొగ, వేడిగాలి పైకి పోయేది దాని గుండానే. వానొస్తే బండతోనో రేకుతోనో మూస్తారు. చెమ్మ దృష్టితో చూస్తే గవాక్షి ఇంటికి అతి ముఖ్యమైన అంగం. గోడలకు కిటికీలు తక్కువగా ఉండే ఈ ఇళ్లలో దూలాల ఎత్తున గాలి కదిలేది దీనివల్లే.

దూలాలకు, కంబాలకు టేకు, వేప, ఏగిస, నారయేపి, మద్ది వంటి కట్టెలు వాడారు. తాటి దూలాలూ కనిపిస్తాయి. శేషాచలం, పాలకొండల అడవులు దగ్గర కావడంతో పూర్వం ఎర్రచందనం కూడా ఇళ్ల కంబాలకు వాడేవారు. నేడు అనుమతి లేకుండా ఆ చెట్టు నరకడం నేరం. అంతర్జాతీయ వాణిజ్యాన్ని కూడా సైటిస్ ఒప్పందం 1995 నుంచి నియంత్రిస్తోంది. ఏ కట్టెలోనైనా మన్నిక చేవలో ఉంటుంది. చుట్టూ ఉండే తెల్లకట్టెలో పిండిపదార్థం ఎక్కువ, రక్షణ రసాయనాలు తక్కువ. పురుగు, బూజు ముందు పట్టేది దానికే. చేవదేరిన దూలం వందేళ్లు నిలిచిన ఇంట్లోనే, తెల్లకట్టె ఉన్న దంతె పాతికేళ్లకు పిండి కావడం మామూలే.

పట్టణాల్లో, ప్రభుత్వ కట్టడాల్లో వలస పాలనలో మరో పద్ధతి వ్యాపించింది. చెక్క దంతెల మీద పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిసతో కొట్టి, ఆపైన పెంకులు పరుస్తారు. దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. భారత ప్రమాణాల సంస్థ దీనికోసం ఐ.ఎస్. 2119 అనే ప్రత్యేక నియమావళి రూపొందించింది. మట్టి స్థానంలో సున్నం వచ్చినా భారం మోసేది చెక్క దంతే కాబట్టి, చెమ్మ తెచ్చే చిక్కులు రెండింటికీ ఒకటే.

తేమ చేరే దారులు

పైనుంచి ఉరవడం. చవుడు పొర పలచబడినా, బీటవారినా, గడ్డి మొలిచి వేళ్లు దిగినా నీరు లోపలికి జారుతుంది. మిద్దె ఉరుస్తోందని ఇంటివారు గుర్తించేది నీటిచుక్క కింద పడినప్పుడు. కానీ అప్పటికి మట్టి పొర అంతా తడిసి, ఆకు కంప నానిపోయి, దంతె పైముఖం చాలా రోజులుగా తడిలో ఉండి ఉంటుంది. పిట్టగోడ మిద్దెను కలిసే మూల, దోనె మొదలు, గవాక్షి అంచు అన్నిటికన్నా ముందు ఉరిసే చోట్లు.

గోడలోంచి దూలపు కొనకు. దూలం కొనను గోడలో మూరెడు లోపలికి దించి చుట్టూ మట్టితో బిగించడం పాత పద్ధతి. గది మధ్యలో ఉన్న దూలపు భాగానికి మూడు వైపులా గాలి తగులుతుంది, కాబట్టి తడిసినా ఆరుతుంది. గోడలో పూడిన కొనకు గాలి లేదు. పైగా కట్టె తేమను పీల్చుకునేది కొన నుంచే ఎక్కువ, నిలువు నాళాలు తెరుచుకుని ఉండేది అక్కడే. వాన కొట్టే వైపు గోడలో, దోనె కింది గోడలో దూలపు కొనలు మొదట పుచ్చడానికి కారణం ఇదే. పైకి దూలమంతా ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంటే, లోపల దాన్ని నిలబెట్టే మూరెడు మాత్రం మెత్తబడి ఉంటుంది.

నేలనుంచి పైకి. మట్టిలోని, రాతి సందుల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు తనంతట తానే పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నదైతే అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఇలా ఎక్కిన తడి గోడ ముఖం మీద ఆవిరవుతుంది, తెచ్చిన ఉప్పు అక్కడే మిగులుతుంది. ఉప్పు గడ్డకట్టే ఒత్తిడికి గోడపూత పొరలుగా రాలుతుంది. దీన్నే గోడ చవుడెక్కడం అంటారు. మిద్దె మీద ఇంటిని కాపాడే చవుడు గోడ మొదట్లో చేరితే ఇంటిని తినేస్తుంది. కంబాలను నేలలో నేరుగా పాతకుండా రాతి దిమ్మె మీద నిలపడం ఈ పాకే తడిని అడ్డుకోవడానికే.

ఇంటిలోపలి నీరు. స్నానం, గిన్నెలు తోమడం, వంట ఆవిరి. బావి నుంచి తోడుకొచ్చిన రోజుల్లో ఇంట్లో వాడే నీరు పరిమితం. కుళాయి ఇంట్లోకే వచ్చాక వాడకం పెరిగింది, కానీ బయటికి పోయే కాలువ పాత ఇళ్లలో అలాగే ఉంది. గోడ పక్కనే ఇంకే నీరు ఏడాది పొడవునా పునాదిని తడిగా ఉంచుతుంది.

కాలువలు, జలాశయాలు. ప్రొద్దుటూరు ప్రాంతానికి నీరిచ్చే కర్నూలు–కడప కాలువ పందొమ్మిదో శతాబ్దపు ప్రైవేటు కంపెనీ పని. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. తర్వాత పెన్నపై మైలవరం, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వచ్చాయి. గాలేరు–నగరి పథకంలో గండికోట, వీరపునాయునిపల్లె దగ్గర సర్వరాయసాగర్ తోడయ్యాయి. కరువు సీమకు ఇవి ప్రాణం. అయితే ఎక్కడైనా కాలువ కిందో జలాశయం పక్కనో భూగర్భజలం పైకి లేస్తే, ఎండు నేల కోసం కట్టిన పునాదులు తడి నేలలో నిలవాల్సి వస్తుంది. పాత ఇంటికి చెమ్మ కొత్తగా మొదలైందంటే పరిశీలకులు ఇంటితో పాటు చుట్టుపక్కల నీటిమట్టాన్నీ చూస్తారు.

కట్టె చెడే తీరు

కట్టె ఎప్పుడూ గాలిలోని తేమతో సర్దుకుంటూ ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 30 శాతం ఉంటే కట్టెలో బరువుకు 6 శాతం, 60 శాతం ఉంటే 11 శాతం, 90 శాతం ఉంటే 20 శాతం దాకా నీరు నిలుస్తుంది. కడప వేసవిలో దూలం ఎండి చిట్లుతుంది. ఆ చీలికల్లోకి తర్వాతి వాననీరు దిగుతుంది. కణాల గోడలు పూర్తిగా తడిసే స్థాయి సుమారు 28–30 శాతం. ఆ స్థాయి దాటాకే పుచ్చు కలిగించే శిలీంధ్రాలు విజృంభిస్తాయి. అందుకే కట్టెలో తేమ 20 శాతానికి లోపు ఉంచాలన్నది ప్రపంచమంతా పాటించే భద్రతా హద్దు. ఈ జిల్లాలో గాలి తేమ ఒక్కటే దూలాన్ని ఆ హద్దు దాటించడం అరుదు. దాటిందంటే ఎక్కడో నీరు నేరుగా తగులుతోందని అర్థం.

బ్రిటన్‌లో చెక్క నేలలను నాశనం చేసే సెర్పులా లాక్రిమాన్స్ చల్లని వాతావరణపు శిలీంధ్రం. సీమ ఎండలకు అది బతకదు. ఇక్కడ కనిపించేది వేడిని తట్టుకునే ఇతర జాతుల పుచ్చు. కొన్ని శిలీంధ్రాలు కట్టెలోని సెల్యులోజును తిని గోధుమరంగు ఘనపు ముక్కలుగా పగలగొడతాయి. మరికొన్ని లిగ్నిన్‌ను కూడా తిని, కట్టెను తెల్లని నారలా మారుస్తాయి.

శిలీంధ్రం కన్నా ఇక్కడి ఇళ్లకు పెద్ద శత్రువు చెద. పుట్టలు పెట్టే ఒడాంటోటెర్మిస్ వంటి నేల చెదలకు నిత్యం తేమ కావాలి. ఎండిన గాలిలో అవి నిలవలేవు. అందుకే నేలనుంచి దూలం దాకా మట్టి గొట్టాలు కట్టుకుని, వాటి లోపలే నడుస్తాయి. మట్టి గోడల ఇంట్లో ఆ గొట్టాలు గోడ లోపలే ఉండటం వల్ల బయటికి కనిపించవు. తడిసిన గోడ చెదకు దారీ నీళ్లూ రెండూ ఇస్తుంది. ఎండు కట్టెనే తొలిచే పురుగులు వేరే ఉన్నాయి. వాటికి తడి అక్కర్లేదు. దూలం కింద సన్నని పిండి రాలితే అది వాటి పని. రెండింటికీ వైద్యం వేరు కాబట్టి ముందు ఏది పట్టిందో తేల్చుకోవాలి.

బరువు అనే తోడు సమస్య

చెక్క పలకల నేలకు లేని ప్రమాదం మట్టి మిద్దెకు ఒకటుంది. ఘనమీటరు మట్టి బరువు 1.6 నుంచి 1.8 టన్నులు. అయిదు మీటర్లు పొడవు, నాలుగు మీటర్లు వెడల్పు ఉన్న గదిపై 30 సెంటీమీటర్ల మందం మట్టి ఉంటే దూలాలు మోసేది దాదాపు పది టన్నులు. ముసురులో ఆ మట్టి తన బరువులో పదో వంతు నీరు పీల్చుకుంటే మరో టన్ను చేరుతుంది.

దీనికి మరమ్మతే మరో భారమవుతుంది. ఉరిసినప్పుడల్లా పాత మట్టి తీయకుండా పైన కొత్త చవుడు పోస్తూ పోతే, తరాలు గడిచే కొద్దీ పొర మందమవుతుంది. ప్రతి సెంటీమీటరూ చదరపు మీటరుకు 16 నుంచి 18 కిలోలు పెంచుతుంది. అదే కాలంలో గోడలోని దూలపు కొన పుచ్చుతూ, మోసే శక్తి తగ్గుతుంది. పెరిగే భారం, తగ్గే బలం కలిసే రోజు సాధారణంగా ముసురు పట్టిన నాలుగో రోజో అయిదో రోజో వస్తుంది. వాన వెలిశాక, గోడలు ఎండి కుంచించుకునే వేళ కూడా మిద్దెలు కూలుతాయి. వాన తగ్గిందని పాత మిద్దె కిందికి వెంటనే తిరిగి వెళ్లకూడదని పెద్దలు హెచ్చరించేది అందుకే.

గుర్తులు, పరీక్షలు

మొదటి గుర్తులు చిన్నవి. దంతెల మధ్య గోధుమరంగు మరక, గోడ మొదట్లో తెల్లని ఉప్పు పొడి, సున్నం ఉబ్బి రాలడం, మూసిన గదిలో బూజు వాసన. తర్వాత దూలం మధ్యలో వంగుతుంది, తలుపు చౌకట్టు బిగుసుకుంటుంది, దూలం గోడను తాకే చోట సన్నని సందు తెరుచుకుంటుంది.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. కర్రతో దూలాన్ని తడుతూ పోతే గట్టి చోట మోగుతుంది, బోలు చోట మందంగా వినిపిస్తుంది. దబ్బనంతో గుచ్చితే ఆరోగ్యమైన కట్టెలో కొసమాత్రమే దిగుతుంది, పుచ్చిన కట్టెలో అంగుళాల కొద్దీ పోతుంది. గోడను ఆనుకున్న మూరెడునే ముందు గుచ్చి చూడాలి. రెండు సూదులున్న తేమ మీటరు కట్టెలో విద్యుత్తు ఎంత తేలికగా పారుతోందో చూసి తేమ శాతం చెబుతుంది. వాన వెలిసిన వెంటనే ఒకసారి, నెల తర్వాత మరోసారి కొలిస్తేనే అసలు విషయం తెలుస్తుంది. రెండోసారి తగ్గితే ఆ చోటు ఆరుతోంది. తగ్గకపోతే నీరు ఇంకా ఎక్కడినుంచో చేరుతోంది.

కొత్త పనులు తెచ్చిన చిక్కులు

గత కొన్ని దశాబ్దాల మార్పులు పాత మిద్దెల ఆరే గుణాన్ని దెబ్బతీశాయి. అందులో మొదటిది సిమెంటు పూత. చవుడెక్కిన గోడను అందంగా చేయడానికి సిమెంటు పూస్తే, గోడలోని తడి ముఖం మీదుగా ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. ఆ తడి పూత దాటి మరింత ఎత్తుకు పాకి, కొన్నేళ్లలో దూలపు కొనల దగ్గరికి చేరుతుంది. సున్నం, మట్టి పూతలు రాలిపోవడం లోపంలా కనిపిస్తుంది గానీ, ఉప్పును బయటికి లాగి తాము రాలి గోడను కాపాడటమే వాటి పని.

రెండోది మిద్దె పైన సిమెంటు గచ్చు. కింద కదిలే చెక్క, పైన కదలని సిమెంటు. ఎండకు సిమెంటు చిట్లుతుంది, చీలికలో నీరు దిగుతుంది, దిగిన నీరు ఆవిరి కాలేదు. ప్లాస్టిక్ పట్టా శాశ్వతంగా కప్పి ఉంచడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. ముసురు వేళ కప్పి, వెలవగానే తీస్తే మాత్రం మేలు చేస్తుంది.

మూడోది వీధి. పల్లెల్లో సిమెంటు రోడ్డు పాతదాని మీదే కొత్తది వేస్తూ పోవడంతో వీధి మట్టం పెరిగి, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లు ఇప్పుడు దిగి వెళ్లేవయ్యాయి. వీధి నీరు గడప దాకా వస్తోంది, అరుగు ఇచ్చిన రక్షణ పోయింది.

నాలుగోది పొయ్యి. కట్టెల పొయ్యి పొగ మిద్దె కింద నిత్యం చేరి దూలాలను వెచ్చగా, పొడిగా ఉంచేది. మసి పొర పురుగును కొంత దూరం పెట్టేది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకంతో, ఆ తర్వాతి పథకాలతో గ్యాసు పల్లెలకు చేరింది. ఆడవాళ్ల ఊపిరితిత్తులకు అది పెద్ద మేలు. కానీ పొగ పోయాక గవాక్షితో పనేముందని దాన్ని పూడ్చేసిన ఇళ్లలో దూలాల చుట్టూ గాలి నిలిచిపోయింది.

నివారణ, మరమ్మతు

పాత కాపుదల క్రమం సరళమైనది. ఏటా తొలకరికి ముందు మిద్దె మీది గడ్డి వేళ్లతో సహా పెరికి, బీటలు పూడ్చి, వాటం సరిచేసి, దోనెలు శుభ్రం చేసి, చవుడు పలచగా వేసి తొక్కడం. మందం పెరుగుతోందనుకుంటే అంతే పాత మట్టి గీసి తీసేయడం. కాస్త కలిగిన ఇళ్లలో గానుగ సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గచ్చు చేసేవారు. సున్నపు గచ్చు నీటిని ఆపుతూనే కొంత ఆవిరిని బయటికి వదులుతుంది.

దూలపు కొనను మార్చాల్సి వచ్చినప్పుడు మొదట కింద ఊతం నిలిపి, పైన మట్టి దించాలి. మట్టి దించకుండా కొన మార్చడం ప్రాణాంతకం. పుచ్చిన భాగాన్ని ఆరోగ్యమైన కట్టె వచ్చే దాకా కోసి, కొత్త చేవకట్టె అతికి, ఇనుప పట్టీలు, బోల్టులతో బిగిస్తారు. గోడలో తిరిగి పెట్టేటప్పుడు కొన కింద నాపబండ ముక్క వేసి, రెండు పక్కలా, వెనుకా వేలెడు సందు వదిలితే కొన చుట్టూ గాలి ఆడుతుంది. కొనకు తారు పూసే అలవాటు ఉంది. అయితే కట్టె పూర్తిగా ఆరిన తర్వాతే పూయాలి. పచ్చికట్టెకు పూస్తే లోపలి తడిని అది బంధిస్తుంది. దూలం బదులు ఇనుప గర్డర్లో, పాత రైలు కమ్మీలో వేసుకున్న ఇళ్లూ సీమలో ఉన్నాయి. అక్కడ పుచ్చుకు బదులు తుప్పును కనిపెట్టాలి.

చెద నివారణకు ఐ.ఎస్. 6313 మూడు భాగాలుగా పద్ధతులు చెబుతుంది. కట్టుబడిలోనే తీసుకునే జాగ్రత్తలు, కట్టక ముందు నేలకు చేసే రసాయన చికిత్స, కట్టిన ఇంటికి చేసే చికిత్స. కొత్త పునాది గుంటల అడుగున చదరపు మీటరుకు అయిదు లీటర్ల మందునీరు పోయాలన్నది దాని లెక్క. పాత ఇంట్లో గోడ పొడవునా నేలకు రంధ్రాలు చేసి మందు దించుతారు. తడి మూలం ఆపకుండా మందు మాత్రమే కొడితే కొన్నేళ్లకు చెద మళ్లీ వస్తుంది. కట్టెకు రక్షణ పూతలను ఐ.ఎస్. 401 వివరిస్తుంది.

గోడ మొదళ్ల తడికి చౌకైన మందు నీటిని దూరం చేయడం. దోనెను గోడకు అడుగున్నర ముందుకు చాచడం, గోడ చుట్టూ బయటికి వాటంగా బండలు పరచడం, వాడుక నీటిని గోడకు దూరంగా ఇంకుడు గుంతలోకి పంపడం, గోడ మొదట్లో సిమెంటు పూత చెక్కేసి సున్నం పూయడం. కొత్తగా కట్టేవారు పునాది మట్టం మీద నాపబండలను సందు లేకుండా పరిచి గోడ లేపితే పాకే తడి అక్కడే ఆగుతుంది.

ఇతర దేశాల్లో చెక్క నేలలు

తెలుగువారు స్థిరపడిన దేశాల్లో ఇదే సమస్య కాళ్ల కింద కనిపిస్తుంది. బర్మాకు వలస వెళ్లిన తెలుగు కూలీలు, వ్యాపారులు చూసిన కొయ్య ఇళ్లు స్తంభాల మీద మనిషెత్తున నిలిచేవి. కింద గాలి ధారాళంగా ఆడటం వల్ల భారీ వర్షాల దేశంలోనూ చెక్క నేల పొడిగా ఉండేది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పాత ఇళ్లు కూడా మొద్దుల మీద నిలిచినవే. ఒక్కో మొద్దు నెత్తిన రేకు టోపీ పెడతారు. చెద దాన్ని దాటాలంటే గొట్టం బయటికి కట్టాలి, కడితే కనబడిపోతుంది. కంబం కింద రాతి దిమ్మె చేసే పనికి ఇది దగ్గరి బంధువు.

బ్రిటన్ నిర్మాణ నిబంధనల ప్రకారం చెక్క నేల అడుగు నుంచి కింది నేల పొర దాకా కనీసం 150 మిల్లీమీటర్ల గాలి ఖాళీ ఉండాలి, ఎదురెదురు గోడల్లో గాలి రంధ్రాలుండాలి. రంధ్రాల వైశాల్యం గోడ మీటరుకు 1,500 చదరపు మిల్లీమీటర్లు, లేదా నేల చదరపు మీటరుకు 500, వీటిలో ఏది ఎక్కువైతే అది. తోటమట్టి పోసి ఈ రంధ్రాలను పూడ్చడం అక్కడ చెక్క నేలలు చెడటానికి సాధారణ కారణం.

అమెరికాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న నార్త్ కరోలినా వంటి ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇంటి కింద మనిషి పాకి వెళ్లేంత ఖాళీ వదలడం మామూలు. అక్కడి నియమావళి చాలాకాలం 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు రంధ్రం అడిగింది. అయితే ఆ రాష్ట్రాల వేసవి గాలి చాలా చెమ్మగా ఉంటుంది. రంధ్రాల గుండా లోపలికి వచ్చిన ఆ గాలి, ఏసీ వల్ల చల్లబడిన దూలాలకు తగిలి నీరవుతుంది. 2000ల తొలి ఏళ్లలో నార్త్ కరోలినాలో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ ప్రిన్స్‌విల్‌లోని ఇళ్లపై చేసిన అధ్యయనంలో, నేల మీద ప్లాస్టిక్ పరిచి రంధ్రాలు మూసేసి, లోపలి తేమను అదుపు చేసిన ఇళ్ల అడుగుభాగం పొడిగా ఉంది. తర్వాత నియమావళులు ఆ పద్ధతికీ చోటిచ్చాయి. కడపలో గవాక్షి తెరవడం సరైనదైతే, కరోలినాలో రంధ్రం మూయడం సరైనది కావచ్చు. బయటి గాలి కట్టెను ఆరబెడుతుందా, తడుపుతుందా అన్నదే ప్రశ్న. దానికి ఒకే జవాబు అన్ని వాతావరణాలకూ సరిపోదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ కాళ్ల కింద చెక్క నేలలు కొన్ని చోట్ల ఉన్నాయి. ఇండోర్ బ్యాడ్మింటన్ కోర్టుల్లో సిమెంటు నేల మీద చెక్క బద్దీలు, వాటిపై పలకలు పరుస్తారు. అడుగున తేమను ఆపే పొర లేకపోతే, కోర్టు కడిగిన నీరో వాననీరో బద్దీల మధ్య నిలిస్తే పలకలు ఉబ్బి లేస్తాయి. నగరాల ఇళ్లలో వేసుకునే చెక్క ఫ్లోరింగుకూ ఇదే జాగ్రత్త కావాలి. కొత్త కాంక్రీటు పూర్తిగా ఆరకముందే పైన చెక్క పరిస్తే, కాంక్రీటులోని నీరు చెక్కకు చేరుతుంది.

ప్రస్తుత స్థితి

కాంక్రీటు స్లాబు చౌకై, ఎర్రగుంట్ల పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసి, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం వంటి గృహనిర్మాణ కార్యక్రమాలు విస్తరించడంతో కొత్తగా మట్టి మిద్దె కట్టేవారు దాదాపు లేరు. చేవకట్టె ధర, చవుడు తోలి తొక్కే మనుషుల కొరత కూడా అందుకు కారణాలు. ఉన్న మిద్దెలు మాత్రం పల్లెల్లో ఇంకా నిలిచే ఉన్నాయి. కొన్నింటిలో వృద్ధులు ఉంటున్నారు, కొన్ని గడ్డివాముకో పశువులకో మిగిలాయి. పొయ్యి వెలగని, ఏటా చవుడు పడని, గవాక్షి తెరవని ఖాళీ మిద్దె నివాసమున్న మిద్దె కన్నా త్వరగా పాడవుతుంది.

వేసవి ఉడుకుకు మందపు మట్టి మిద్దె చల్లదనం స్లాబు ఇవ్వలేదన్నది ఇక్కడివారికి అనుభవమే. అందుచేత కొందరు పాత ఇళ్లను పడగొట్టకుండా బాగుచేసుకుంటున్నారు. అలాంటి పనిలో ఖర్చు కన్నా వరుస ముఖ్యం. మొదట నీరు వచ్చే చోటు కనిపెట్టి ఆపాలి. తర్వాత గోడలు, కట్టె ఒక వేసవి అంతా ఆరాలి. ఆ తర్వాతే కట్టె మార్చాలి, చెదమందు కొట్టాలి, పూతలు వేయాలి. వరుస తలకిందులైతే కొత్తగా వేసిన దూలపు కొన కూడా అదే తడి గోడలో కొన్నేళ్లకే పుచ్చుతుంది.